ఖాళీ అని ఎవరన్నారు?

మొన్న వనపర్తి దగ్గర ఒక బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెడితే మార్కులు వెయ్యడానికి నన్నూ పిలిచారు. రిటైరయిన ఫిజిక్స్ సారును కదా, ఇలాంటి వాటికి ఇంకా గుర్తొస్తుంటాను. నీళ్లు పొదుపు చేసే మోడళ్లు నాలుగు, వంటసోడాతో పొంగే అగ్నిపర్వతాలు మూడు, ఎప్పటిలాగే. చివరి బల్ల దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నల్లచార్టు మీద చాక్‌పీసు పొడితో పాలపుంత గీసి, దానికి కాస్త కిందుగా దూది ముక్క అంటించింది. పక్కన రాసింది: స్మిత్ మేఘం, కంటికి కనిపించదు.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఆ చార్టు ముందు ఆగాడు. చుట్టుపక్కల మంచి పేరున్నాయన, నాలుగూళ్లకు సాయం చేసినాయన. "కనిపించకపోతే ఎందుకు పెట్టినవ్ బిడ్డా? ఏమీ లేని కాడ ఏముందని ఎతుకుడు? పక్కన్నే కృష్ణ పారుతున్నా పొలం తడవని జిల్లాలు మనవి. ఏదన్న పనికొచ్చేది చెయ్యరాదూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికొచ్చాక నన్నే గుచ్చింది. అక్కడ తెరవని నోరు ఇక్కడ తెరుస్తున్నాను.

ఆయన ఒక్కడి మాటే అయితే రాయనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, పాత పాలమూరులోని ఈ మూడు జిల్లాల్లో టీ హోటల్ నుంచి పేరెంట్స్ మీటింగు దాకా ముప్ఫై ఏళ్లుగా వింటున్న మాట ఇది. గెలాక్సీ అంటే చుక్కల గుంపు, దాని బయట శూన్యం. ఆ శూన్యంలో గ్యాస్ వెతకడం పని లేనివాడి పని. ఒకవేళ ఎవరైనా చెయ్యాలన్నా అమెరికావాడు చేసుకోవాలి, పాలమూరు పిల్లకెందుకు? మూడు మాటలూ ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డాయి. మూడూ తప్పే.

ఖాళీ సంగతి మొదట. మన పాఠ్యపుస్తకాల్లో పాలపుంత బొమ్మ సుడి తిరిగిన పళ్లెంలా ఉంటుంది. ఆ పళ్లెం అంచు ఎక్కడ ఆగితే గెలాక్సీ అక్కడ ఆగినట్టే అనుకుంటారు చదివినవాళ్లు. నిజానికి ఆ పళ్లెం చుట్టూ, పైనా కిందా, దానికి ఎన్నో రెట్ల వెడల్పున పలచని వాయువు ఆవరించి ఉంది. శాస్త్రవేత్తలు హాలో అంటారు. మనకు ఇంతకంటే మంచి మాట ఉంది, గుడి. చంద్రుడి చుట్టూ గుడి కట్టిన రాత్రి మా నాయన వాకిట్లో మంచం మీద పడుకొని, దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని లెక్క కట్టేవాడు. ఆ వలయం చేతికి తగిలేది కాదు, మూటగట్టి అమ్మేదీ కాదు. అయినా దాన్ని ఖాళీ అని ఆయన ఏనాడూ అనలేదు. విత్తనం ఎప్పుడు వెయ్యాలో దాన్నిబట్టి చెప్పేవాడు. అక్షరం రాని రైతుకున్న ఈ ఇంగితం మన సభల్లో మైకు పట్టుకునేవాళ్లకు ఎందుకుండదో నాకర్థం కాదు.

చుక్కల మధ్య వాయువు ఉందని తెలిసిన తీరు వింటే ఇది గాల్లో మేడ కాదని తెలుస్తుంది. 1904లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యోహానెస్ హార్ట్‌మన్ అనే ఆయన ఓరియన్ నడుంకట్టులో మూడు చుక్కలున్నాయి చూడండి, వాటిలో ఒకదాని వెలుగును పట్టకంతో విడదీసి చూస్తున్నాడు. అది నిజానికి జంట చుక్క, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. అందుకని దాని వర్ణపటంలో నల్లగీతలు రోజురోజుకూ అటూ ఇటూ ఊగుతాయి. కాల్షియం గీత ఒక్కటి మాత్రం ఊగకుండా ఉన్నచోటే ఉంది. ఉయ్యాల ఊగుతున్న పిల్లను కిటికీ చువ్వల్లోంచి చూస్తే పిల్ల కదులుతుంది, చువ్వ కదలదు. ఆ గీత చుక్కది కాదు, మధ్యలో ఉన్న ఏదో మబ్బుది అని ఆయన తేల్చాడు. అంతకు ముందు రోజు దాకా అక్కడ శూన్యమే.

అది పళ్లెం లోపలి సంగతి. బయటి సంగతి 1956లో లైమన్ స్పిట్జర్ ఎత్తుకున్నాడు. పళ్లేనికి చాలా ఎత్తున కూడా వాయు మేఘాలు కనిపిస్తున్నాయి. పొయ్యి మీది పొగ కాసేపటికి చెదిరిపోయినట్టు అవీ చెదిరిపోవాలి కదా, ఎందుకు చెదరడం లేదు? చుట్టూ ఏదో వాటిని అదిమి పట్టి ఉంచాలి. బాగా వేడెక్కి బాగా పలచబడ్డ వాయువు ఆ చుట్టూ ఉండాలి అన్నాడు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా పేరే దానికీ పెట్టి, గెలాక్సీ కరోనా అన్నాడు. అప్పటికి దాన్ని చూడగల పరికరం భూమ్మీద లేదు, ఎందుకంటే చూడాల్సిన అతినీలలోహిత కాంతిని మన గాలే మింగేస్తుంది. ఆ తర్వాత పరికరాలు ఆకాశానికెక్కాయి, ఆయన మాట నిలబడింది. 2012లో అంజలి గుప్తా, స్మితా మాథుర్, వారి తోటివాళ్లు చంద్ర ఎక్స్‌రే దుర్భిణి కొలతలతో లెక్క కట్టారు. ఆ వేడి వాయువు పది లక్షల నుంచి పాతిక లక్షల డిగ్రీల్లో ఉంది, లక్షల కాంతిసంవత్సరాల దూరం వ్యాపించి ఉంది, మొత్తం తూకం వేస్తే వెయ్యి కోట్ల సూర్యుళ్లకు తగ్గదు, ఆరు వేల కోట్ల దాకా ఉండొచ్చు.

పలచన మాట నిజమే. పది లీటర్ల బిందె పట్టుకెళ్లి అక్కడ ముంచితే ఒక కణం పడొచ్చు, పడకపోవచ్చు. కానీ బిందెలు ఎన్ని? పాలమూరులో పుట్టినవాడికి ఈ లెక్క నేర్పాలా? చినుకు చేతిలో పడితే చెమ్మకు చాలదు, వాగుకు పడితే చెరువు నిండుతుంది.

చెరువు అన్నాను కాబట్టి అసలు విషయానికే వస్తాను. నాగర్‌కర్నూల్ కేసరిసముద్రం కట్ట మీద నిలబడి చూసేవాళ్లకు నీళ్లే కనిపిస్తాయి. ఆ నీళ్లు ఏ గుట్టల మీద పడి, ఏ వాగులోంచి దిగి వచ్చాయో కట్ట మీదినుంచి కనిపించదు. పైనున్న పరీవాహకాన్ని ప్లాట్లు చేసి అమ్ముకుంటే రెండో ఏటికి చెరువు అడుగు కనబడుతుంది. పాలపుంత పళ్లెం ఆ చెరువు, చుట్టూ ఉన్న గుడి దాని పరీవాహకం. ఏటా ఒకటి రెండు సూర్యుళ్లంత వాయువు ఇక్కడ చుక్కలుగా మారిపోతోంది. బయటినుంచి కొత్తది రాకపోతే ఈ ముడిసరుకు వంద, రెండు వందల కోట్ల ఏళ్లలో అడుగంటాలి. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్లు దాటింది, ఇంకా చుక్కలు పుడుతూనే ఉన్నాయి. అంటే ఎక్కడినుంచో పారకం వస్తోంది. ఏమీ లేదన్న చోటినుంచే వస్తోంది. గొలుసుకట్టు చెరువుల సీమలో పుట్టి, పరీవాహకం చదవడం పని లేని పని అనేవాడితో నాకు కష్టం.

ఇక ఆ పిల్ల అంటించిన దూది ముక్క. 1963లో నెదర్లాండ్స్‌లో గెయిల్ స్మిత్ అనే విద్యార్థిని రేడియో దుర్భిణితో దాన్ని కనిపెట్టింది. విద్యార్థిని అన్నమాట గమనించండి. శ్రవణా నక్షత్రం ఉన్న దిక్కునే ఉంటుంది ఆ మేఘం. మామూలు వెలుగు ఇవ్వదు. ఇచ్చేదే అయితే పున్నమి చంద్రుణ్ని ముప్ఫై పక్కపక్కన పేర్చినంత మేర పరుచుకొని కనిపించేది. పదకొండు వేల కాంతిసంవత్సరాల పొడవు, గంటకు పదకొండు లక్షల కిలోమీటర్ల వేగం, సుమారు మూడు కోట్ల ఏళ్లలో మన పాలపుంత పళ్లెం మీదికే దిగుతుంది. దిగితే ఇరవై లక్షల సూర్యుళ్లకు సరిపడే సరుకు.

ఈ మేఘం ఎక్కడిది? బయటి గెలాక్సీలోంచి ఊడిపడిందా, చుక్కలెరగని ఆదిమ వాయువా? చాలా ఏళ్లు రెండు రకాలుగానూ వాదించారు. 2016లో ఆండ్రూ ఫాక్స్ బృందం హబుల్ దుర్భిణితో దాన్ని తేల్చబోయింది. మేఘానికి ఎంతో వెనక ఉన్న మూడు గెలాక్సీల నడిబొడ్డు వెలుగును తీసుకొని, ఆ వెలుగు మేఘంలోంచి వచ్చేటప్పుడు గంధకం ఎంత మింగిందో కొలిచారు. సూర్యుడిలో ఉన్నదాంట్లో సగం దాకా తేలింది. ఆదిమ వాయువులో గంధకం ఉండదు, అది చుక్కల కడుపులో వండితేనే పుడుతుంది. పాలపుంత అంచుల్లో మాత్రం దాదాపు ఇంతే ఉంటుంది. అంటే ఇది మనదే. ఏడు కోట్ల ఏళ్ల కింద పళ్లెం అంచునుంచి వెళ్లిపోయి, ఇప్పుడు తిరుగు దారి పట్టింది.

బొంబాయి బిల్డింగు పని దగ్గర వందమందిలో పాలమూరు మనిషిని ఎట్లా పడతాం? నోరు తెరిస్తే యాస పట్టిస్తుంది. గంధకం ఆ మేఘం యాస. దారిలో వేరే వాయువు కలిసి ఆ యాస అబ్బి ఉండొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు, వాదం ఇంకా ముగియలేదు. ముగియని వాదం కాబట్టే అది సజీవమైన శాస్త్రం. వలసపోయినవాళ్ల లెక్కలు తియ్యడం ఏ ఊరికి అక్కరకు రాకపోయినా, కనీసం మా ఊళ్లకు అక్కర లేదనకండి.

ఇక, ఇది మన చోటు పని కాదన్న మాట. దీనికి జవాబు నా జీవితంతోనే ముడిపడి ఉంది.

1980 ఫిబ్రవరి 16, శనివారం, అమావాస్య. మధ్యాహ్నం మూడున్నర దాటాక మా పైన సంపూర్ణ సూర్యగ్రహణం. నాకప్పుడు పదేళ్లు. మా ఇల్లు నాగర్‌కర్నూల్ దగ్గర. పొద్దుటినుంచే అమ్మ నీళ్ల కుండల మీదా, పచ్చళ్ల జాడీల మీదా గరిక వేసి పెట్టింది. కడుపుతో ఉన్న మా పిన్నిని కదలకుండా పడుకోబెట్టారు. కిటికీలకు గోనెసంచులు కట్టారు. తలుపు సందులోంచి నేల మీద పడే ఎండ గీత సన్నబడుతూ సన్నబడుతూ పోయి ఆరిపోవడం, పిట్టలు గూళ్లకు మళ్లుతున్న గోల, ఎవరో చెప్పినట్టు ఊరి కుక్కలన్నీ ఒక్కసారి నోరు మూసుకోవడం, నాకు తెలిసిన గ్రహణం ఇంతే. రెండు నిమిషాల చిల్లర తర్వాత గీత మళ్లీ వెలిగింది. అమ్మ తలస్నానానికి లేపింది.

పెద్దయి కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఒక పుస్తకంలో సూర్యుడి కరోనా ఫోటో కనబడింది. నల్లటి బిళ్ల చుట్టూ తెల్లటి రేకులు విచ్చుకొని ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో చోటు పేరు: పాలెం, ఇండియా. మా పాలెం! బిజినేపల్లి దగ్గరి పాలెం, నేను వ్యవసాయ పరిశోధన కేంద్రం పక్కనుంచి సైకిల్ మీద వెళ్లిన పాలెం. కొలరాడోలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు సముద్రాలు దాటి వచ్చి కెమెరా బిగించింది అక్కడ. ప్రపంచం పుస్తకాల్లో అచ్చయిన ఆకాశం మా చేను గట్టుమీదిది. చూడనివాళ్లం మేమే. ఇది అమెరికావాడి పని అని మనం అనుకుంటున్న సమయానికి అమెరికావాడు మన ఊళ్లోనే ఉన్నాడు.

ఆ కెమెరా గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. దాన్ని రూపొందించినవాడు గోర్డన్ న్యూకర్క్. కరోనా సూర్యుడి దగ్గర మహా వెలుగు, దూరం పోయేకొద్దీ వెయ్యి వంతులు మసక. మామూలుగా ఫోటో తీస్తే దగ్గరిది మాడిపోతుంది, దూరపుది పడదు. అందుకని నడుమ చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పలచగా ఉండే వడపోత అద్దం ఒకటి పెట్టాడు. నడుమ వెలుగును అణచిపెడితేనే అంచు కనబడింది. గెలాక్సీ గుడి చదవడంలోనూ ఇబ్బంది అదే, పళ్లెం వెలుగు పక్కన అది కంటికి ఆనదు. ఈ న్యూకర్క్ కుర్రాడిగా 1949లో హార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఒక తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడు. దానికి బప్పు, బోక్, న్యూకర్క్ ముగ్గురి పేర్లూ పెట్టారు. ఆ బప్పు ఎవరు? హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు. ఎక్కడి దారం ఎక్కడికి ముడిపడిందో చూడండి.

ఆ నిజామియా కథ కూడా చాలామంది మరిచారు. 1901లో నవాబు జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో పదిహేను అంగుళాల దుర్భిణి తెప్పించి మొదలుపెట్టాడు. 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. ప్రపంచంలోని కొన్ని వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని ఫోటో పటం గీస్తున్నప్పుడు హైదరాబాదుకూ ఒక పట్టీ వచ్చింది. ఏళ్ల తరబడి కూర్చొని లక్షల చుక్కల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చేసిచ్చారు. తర్వాత ఉస్మానియా వాళ్లు ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో 1968లో నలభై ఎనిమిది అంగుళాల దుర్భిణి పెట్టారు. నగరం వెలుగు పెరిగేకొద్దీ అక్కడి ఆకాశం పలచబడింది. చీకటి ఇప్పుడు ఎక్కడ మిగిలింది? మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లండి. కార్తీకంలో చంద్రుడు లేని రాత్రి దేవయాని గెలాక్సీ ఉత్తరాన మసక మచ్చలా ఉత్త కంటికే కనబడుతుంది. దాని గుడిని కూడా 2020లో కొలిచారు, క్వేజార్లు అనే దూరపు గెలాక్సీల నడిబొడ్డులు నలభై మూడింటి వెలుగును ఆసరా చేసుకొని. పదమూడు లక్షల కాంతిసంవత్సరాల దాకా పాకి ఉంది. మనకూ దానికీ మధ్య దూరం పాతిక లక్షలు. మన గుడీ అంత పెద్దదే అయితే రెండిటి అంచులూ ఇప్పటికే ఒకదాన్నొకటి తాకుతున్నట్టే లెక్క.

అంచు అంటే చులకన చేసేవాళ్లు ఒకసారి గద్వాల వెళ్లి మగ్గం ముందు కూర్చోండి. నూలు ఒంటికి పట్టు అంచు కలపడం దగ్గరే నేతగాడి పనితనమంతా ఉంది. అంచు తీసేసి చీర ధర అడగండి.

మిగిలిన మాట అన్నిటికంటే బలమైంది, పనికొచ్చేది చెయ్యమన్నది. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. పొద్దున్నే ముంబయి బస్సెక్కే తల్లిదండ్రుల పిల్లలకు నేనూ పాఠం చెప్పాను. అయితే నాదొక అనుమానం. హైదరాబాదు పెద్ద బడుల పిల్లలు లక్షలు కట్టి నాసా చూడ్డానికి టూరు వెళ్తే ఎవరూ ఎందుకని అడగరు, దండలేసి ఫోటో తీస్తారు. వనపర్తి పిల్ల దూది అంటిస్తే లాభమెంత అని అడుగుతారు. ప్రశ్న వెయ్యడానికి కూడా ఆస్తి ఉండాలా? లాభం లెక్క పేదపిల్ల దగ్గరే ఎందుకు మొదలవుతుంది? పైగా ఖగోళశాస్త్రం చదివినందువల్ల ఎండిన చెరువు ఒక్కటి చూపించమనండి. మన చెరువులు ఎందుకు ఎండాయో అందరికీ తెలుసు, ఆ జాబితాలో చుక్కలు లేవు.

ఈ చదువును సమర్థించేవాళ్లూ కొందరు తప్పుడు సాక్ష్యం చెబుతారు. ఇందులోంచి రేపు కొత్త సెల్‌ఫోన్ వస్తుంది, కొత్త మందు వస్తుంది అంటారు. రావచ్చు, రాకపోవచ్చు. గెలాక్సీ గుడిలోని వాయువు చదవడం వల్ల క్వింటాలు వేరుశనగకు పది రూపాయలు ఎక్కువ పలకదు. అది ఒప్పుకునే మాట్లాడాలి. మరికొందరు వాట్సాప్‌లో ఆకాశగంగ అని మన పూర్వులు ఊరికే అన్నారా, వాళ్లకు అప్పుడే తెలుసు అని పంపుతారు. మంచి పేరు పెట్టారు, దండం. పేరు పెట్టడం వేరు, గంధకం కొలవడం వేరు.

ఖర్చు సంగతి. అంతరిక్షంలోని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగం పంపుతుందని 1944లో లెక్క కట్టారు. 1951లో హెరాల్డ్ యూవెన్ దాన్ని మొదటిసారి పట్టింది పెద్ద దుర్భిణితో కాదు. ప్లైవుడ్డుకు రాగి రేకు తొడిగి బూర ఆకారంలో చేసిన పెట్టెను హార్వర్డ్ భవనం కిటికీలోంచి బయటికి పెట్టాడు. మంజూరైన డబ్బు 500 డాలర్లు. వానొస్తే ఆ బూరలోంచి నీళ్లు గదిలోకి వచ్చేవి, పోకిరి విద్యార్థులు మంచు ముద్దలు విసిరేవాళ్లు. ఇప్పుడు అదే పెట్టెను అల్యూమినియం రేకుతో, ఒక చిన్న రిసీవరుతో, లాప్‌టాప్‌కు తగిలించి మోస్తరు సెల్‌ఫోన్ ధరలో ఎన్నో దేశాల విద్యార్థులు చేస్తున్నారు. డబ్బాలు, రేకులు అతికే పనివాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. అది పళ్లెంలోని హైడ్రోజన్‌నే పడుతుంది, స్మిత్ మేఘం దానికి అందదు. ఆ మేఘాన్ని పట్టాలంటే జర్మనీలో, ఆస్ట్రేలియాలో ఉన్న పెద్ద రేడియో దుర్భిణులు కావాలి. కానీ ఆ దుర్భిణులతో ఆకాశమంతా కొలిచిన హైడ్రోజన్ పటం 2016 నుంచి ఉచితంగా అందరికీ తెరిచే ఉంది. హబుల్ కొలతలూ అంతే. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్‌లో కూర్చున్న కుర్రాడికీ, కేంబ్రిడ్జిలో కూర్చున్న కుర్రాడికీ దొరికే ఫైలు ఒక్కటే. ఉన్న తేడా, తెరిచి చూడమని చెప్పే మనిషి.

నైజాంలో తెలుగు కవులు పూజ్యం అని ఒకప్పుడు ఎవరో రాస్తే, ఈ గద్వాల సీమ మనిషే సురవరం ప్రతాపరెడ్డి ఊరూరా ఉత్తరాలు రాసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. 354 మంది కవులు. తిట్టుకు తిట్టు రాయలేదాయన, లెక్క తీశాడు. ఇక్కడ ఏమీ లేదనేవాడికి ఇంతకంటే ఘాటైన జవాబు నాకు తెలీదు.

ఎగ్జిబిషన్ అయిపోయాక, బల్లలు సర్దుతుండగా ఆ పిల్ల చార్టు చుట్టుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"సార్, అది మన మీదికి దిగితే వాసనొస్తదా? గంధకం ఉందంట కదా."

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఈ ప్రశ్న నాకెవరూ వెయ్యలేదు. జేబులోంచి మార్కుల కాగితం తీసి వెనకవైపు ఇద్దరం లెక్క మొదలుపెట్టాం. పది లక్షల హైడ్రోజన్ అణువులకు గంధకం ఏడో ఎనిమిదో. మేఘంలో హైడ్రోజనే బిందెకు వందల్లో ఉంటే గొప్ప. గుణించి, భాగించి, రెండుసార్లు కొట్టేసి, మళ్లీ వేశాం. ఒక్క గంధకం అణువు కోసం వందల బిందెలు ముంచాలి.

"అంటే ట్యాంకరుకు ఒకటా సార్?"

"అటూ ఇటూగా ఒకటి."

"అయితే రాదులే" అని, చార్టు మళ్లీ విప్పి, దూది ముక్క కింద పెన్సిలుతో రాసుకుంది: ట్యాంకరుకు ఒకటి.